షూలమీకి పుట్టబోయే పిల్ల

గుర్రాన్ని కొనడానికి వచ్చినవాళ్ళు ముందుగా గుర్రాన్ని చూడకూడదని సుందర్ రాజ్ గారి సిద్ధాంతం. ముందు ఇంట్లోకి రావాలి, కూర్చోవాలి, పెట్టింది తినాలి, ఇచ్చింది తాగాలి, మంచీ చెడ్డా మాట్లాడాలి. అరబ్బు ఎడారిలో బెదూయిన్ల పద్ధతి అదేనట. వచ్చిన మనిషి గుడారం దాటుకుని తిన్నగా గుర్రం దగ్గరికి నడిచాడంటే ఆ బేరం అక్కడితో సరి. వాడు గుర్రాన్ని చూసేలోపల వీళ్ళు వాణ్ణి చూసేస్తారన్నమాట. సిద్ధాంతం ఆయనది కాబట్టి ఆయన సోఫాలో కూర్చుని చెబుతాడు. పెట్టేదీ ఇచ్చేదీ భార్య నవోమి కాబట్టి ఆమె వంటింట్లో నిలబడి వింటుంది. పెళ్ళయిన కొత్తలో సౌదీ ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసినప్పుడు ఆయన అంటించుకున్న పిచ్చి ఇది. అమెరికా వచ్చాక ఎన్నో వదులుకున్నాడు గానీ దీన్ని మాత్రం వదల్లేదు.

ఆ శనివారం పొద్దున్న వచ్చింది ఉజ్వల, ఆమె కూతురు కృతి. ఉజ్వల చాండ్లర్‌లో చిప్‌లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. భర్త మనోహర్‌దీ అదే పని, అప్పటికి తైవాన్‌లో ఉన్నాడు. హైస్కూల్లో చదువుతున్న కృతికి స్వారీ అంటే ప్రాణం. ఎడారి దారుల్లో యాభై మైళ్ళు సాగే పందేలకి అరబ్బు గుర్రమే కావాలని, అదీ ఎక్కడపడితే అక్కడ దొరికే రకం కాదు, బెదూయిన్ల మందల నుంచి కల్తీ లేకుండా దిగివచ్చిన జాతే కావాలని, ఇంట్లో మూతి ముడుచుకుని మరీ సాధించుకుంది. అలాంటి గుర్రం ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఒక్క సుందర్ రాజ్ గారి దగ్గరే ఉంది. ఉన్నదీ ఒక్కటే. దాని పేరు షూలమీ.

నవోమి తెల్లవారకముందే లేచి షూలమీకి గడ్డి వేసి, సాలలో లద్దె ఎత్తి, చక్రాల బండిలో దిబ్బదాకా తోసుకెళ్ళి పారబోసి, నీళ్ళ తొట్టి తోమి నింపి, స్నానం చేసి, పెసరట్లకి పిండి రుబ్బింది. సెప్టెంబరు ఆఖరైనా వాళ్ళుండే క్వీన్ క్రీక్‌లో ఎడారి వేడి తగ్గలేదు. డయాలిసిస్ నర్సుగా రిటైరైన రోజున ఆమె ఇక తెల్లవారుజామున లేచే పని లేదనుకుంది. గుర్రాలకి రిటైర్మెంటు ఉండదన్న సంగతి అప్పుడు తట్టలేదు. ఒకప్పుడు సాల నిండా ఉండేవి, ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. ఈ ఒక్కటీ వెళితే చాండ్లర్‌లో మెట్లు లేని చిన్న ఇంటికి మారిపోవచ్చు. ఫ్రిస్కోలో ఉన్న కొడుకు షాలేం రాజు ఆ ఇంటిని ఫోన్లో చూపించాడు కూడా. వెనకవైపు నాలుగు అడుగుల సిమెంటు వాకిలి, అంతే. అందులో గడ్డిపరక కూడా మొలవదు. ఆ వాకిలిని చూసి నవోమికి కళ్ళు చెమర్చాయి. ఈ ఒక్కటీ మంచి చోటికి వెళితే చాలు ప్రభువా అని ఆమె రోజూ ప్రార్థనలో అడుగుతోంది.

ఫలహారాలయ్యాక ఆయన చేతికర్ర తీసుకుని లేచాడు. మొన్న వసంతంలో చిన్న స్ట్రోక్ వచ్చిన దగ్గర్నుంచి ఆయన కుడిచెయ్యి వణుకుతుంది. షూలమీ మెడమీద వేస్తే మాత్రం ఆ వణుకు కనబడదు. గుర్రం తెల్లగా, పెద్ద పెద్ద నల్లటి కళ్ళతో సాల గడపలో నిలబడి వీళ్ళనే చూస్తోంది. ఆయన పరీక్ష మొదలుపెట్టాడు. అమ్మేది తనే అయినా కొనేవాళ్ళ తరఫున కూడా తనే చూసిపెడతాడు, ఎవరూ అడక్కపోయినా. నుదుటిమీద అరచెయ్యి పరిచి ఎంత వెడల్పో చూపించాడు. కిందివైపు నుంచి రెండు దవడ ఎముకల మధ్య పిడికిలి దూర్చి, ఇక్కడ పిడికిలి పట్టని గుర్రానికి దూరం పోయే ఊపిరి ఉండదన్నాడు. తర్వాత నేలమీద పళ్ళెంలో నీళ్ళు పొయ్యమన్నాడు. పోసింది నవోమి. షూలమీ మెడ చాచి ముందుకాళ్ళు వంచకుండానే తాగింది. మోకాలు వంచి తాగితే బెదూయిన్ ఆ గుర్రాన్ని ముట్టుకోడని చెప్పి, తల్లి పేరు, అమ్మమ్మ పేరు, ఆమె తల్లి పేరు ఏకరువు పెట్టాడు. ఎడారిలో గుర్రానికి తల్లివైపే వంశం. తండ్రి సంగతి ఆఖర్న, తీరిక ఉంటే అడుగుతారు.

ఉజ్వల అప్పటికే వెటర్నరీ డాక్టరుని పంపి ఎక్స్‌రేలు తీయించుకుంది. అన్నీ బాగున్నాయన్న సంగతి ఆమె ఫోన్లో ఉంది. అయినా ఆయన చూపించిన ప్రతిదాన్నీ వంగి చూసి, మంచిగుంది అంకుల్, మంచిగుంది అంటూ తలూపింది. కృతి గుర్రం భుజం పక్కన నిలబడి, అది తన మెడమీద ఊపిరి వదులుతుంటే కదలకుండా ఉండిపోయింది. ఆ పిల్ల నవోమికి నచ్చింది.

వెల సంగతి ఫోన్లో ఎప్పుడో తేలిపోయింది. ఇక మాట అనుకోవడమే మిగిలింది. అప్పుడు సుందర్ రాజ్ కర్రమీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"చూడమ్మా, ఎడారివాళ్ళు ఆడగుర్రాన్ని పూర్తిగా అమ్మరు. గతిలేక అమ్మినా ఒక షరతు పెట్టుకుంటారు. దానికి పుట్టే మొదటి ఆడపిల్ల అమ్మినవాడిది. పాలు మానిపించాక తెచ్చి వాడి గుడారం ముందు కట్టెయ్యాలి. నేనూ అంతే. షూలమీ ఇంతవరకూ ఈనలేదు. గుర్రం నీది, దాని మొదటి ఆడపిల్ల నాది. సమ్మతమేనా?"

"సరే అంకుల్. ష్యూర్. దానికేముంది" అంది ఉజ్వల.

నవోమి చేతిలో టీ కప్పుల ట్రే ఉంది. ఈ గుర్రం పోతే ఇంకో గుర్రమా? అదీ పసిగుర్రం. గంటకోసారి చూసుకోవాలి, కట్టుకి అలవాటు చెయ్యాలి, తన్నులు కాచుకోవాలి. ఆ సంగతి ఆయన తనతో ఒక్కసారి కూడా అనలేదు. ఆ తర్వాత ఉజ్వల మొహం చూసింది. చూడగానే అర్థమైంది. తెలుగువాళ్ళం పెద్దవాళ్ళ దగ్గర పలికే సరే ఒకటుంది. అది ఒప్పుకోవడం కాదు, కాదనకపోవడం. ఈసారి తప్పకుండా మా ఊరు రావాలి అన్నప్పుడు అనే సరే. స్వీట్లు మానెయ్యాలి అని డాక్టరు చెప్పినప్పుడు అనే సరే. ఉజ్వల అన్నది ఆ సరేనే. పెద్దాయన ముచ్చట పడుతున్నాడు, పడనిద్దాం అనుకుంది పాపం. ఆయన మాత్రం దాన్ని బెదూయిన్ నోట వచ్చిన మాటలాగా తీసుకుని, మొహమంతా వెలిగిపోతూ టీ అందుకున్నాడు.

ఆ గుర్రప్పిల్ల ఈ ఇంటికి రాదు. నవోమికి గుండెలమీంచి బరువు దిగింది. దిగినందుకు సిగ్గేసింది. రెండూ ఒకేసారి.

*

సోమవారం ఆయన వెనక దొడ్డి బాగుచెయ్యడానికి పూనుకున్నాడు. గుర్రప్పిల్లల కోసం ఒకప్పుడు ఇనప గొట్టాలతో కట్టించినది. వానాకాలపు దుమ్ముతుఫానులకి ఒకపక్క ఒరిగిపోయి ఉంది. ఆయన టోపీ పెట్టుకుని స్పానర్ పుచ్చుకుని బయల్దేరాడు. గొట్టం ఎత్తి పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. మనిషంటే నవోమి.

బోల్టు కన్నంలోకి దూరడం లేదు. చెయ్యి వణికి పక్కకి పోతోంది. ఇటివ్వండి అందామనుకుంది గానీ అంటే ఊరుకోడని, గొట్టాన్ని భుజానికి ఆనించుకుని నిలబడింది. ఎండకి కాలిన గొట్టం చొక్కాలోంచి చురుక్కుమంటోంది. మోకాలు ఒకపక్కనించి పొడుస్తోంది. బరువు రెండోకాలి మీదికి మార్చుకుంది. ఆయన బోల్టుతో కుస్తీ పడుతూనే కబుర్లు చెబుతున్నాడు. చలికాలంలో మంచి మగగుర్రం చేత దాటించమని ఉజ్వలకి చెప్పాలి. పదకొండు నెలలు మోస్తుంది. ఆ పైన ఆరు నెలలు పాలు. పేరు కూడా అనుకున్నాడు. షారోను.

"మరి చాండ్లర్ ఇల్లు?" అంది నవోమి.

"చాండ్లర్‌లో ఇళ్ళకేం కరువు. పిల్ల వచ్చి నిలదొక్కుకునేదాకా ఇక్కడే ఉంటామని షాలేంకి చెప్పేశాను."

"దాన్ని ఎవరు చూస్తారండీ?"

బోల్టు అప్పటికి దూరింది. ఆయన నట్టు బిగిస్తూ, తలెత్తకుండానే, "నువ్వున్నావుగా" అన్నాడు.

ఆ మాట ఆయన ప్రేమగానే అన్నాడు. చిక్కంతా అక్కడే ఉంది. కోపంగా అని ఉంటే నవోమికి కూడా కోపం తెచ్చుకునే వీలుండేది. ఆ గొట్టం అక్కడే పడేసి, నేను మనిషినండీ, నన్నొకసారి అడగాలండీ అని అరవాలనిపించింది. పడెయ్యలేదు. ఆయన రెండో బోల్టు మొదలుపెడితే గొట్టాన్ని రెండో భుజం మీదికి మార్చుకుంది.

మధ్యాహ్నం కాళ్ళకి ఐస్ ప్యాక్ పెట్టుకుని పడుకుని లెక్క వేసుకుంది. ఆ సరే ఉత్త సరే అని చెబితే ఆయన షూలమీని పంపడు. పంపకపోతే రేపూ ఎల్లుండీ ఆ పై ఏడూ తనే లద్దె ఎత్తాలి. చెప్పకపోతే వచ్చే మంగళవారం ట్రైలర్ వస్తుంది, గుర్రం వెళ్ళిపోతుంది, ఆయన సంతోషంగా ఎదురుచూస్తూ ఉంటాడు. ఏడాది పోయాక ఎటూ రాదని తనే తెలుసుకుంటాడు. అప్పటి బాధ అప్పుడు చూసుకోవచ్చు. నోరు మూసుకుంటే చాలు. నోరు మూసుకోవడం ఆమెకి కొత్త పనీ కాదు.

*

బుధవారం సాయంత్రం ఉజ్వల, కృతి మళ్ళీ వచ్చారు. గుర్రానికి కృతి అలవాటు కావాలని సుందర్ రాజే రమ్మన్నాడు. తీరా వాళ్ళు వచ్చే వేళకి ఆయన మందులు వేసుకుని కునుకు తీస్తున్నాడు. నవోమి కృతిని సాలలోకి తీసుకెళ్ళి గిట్టల్లో మట్టి ఎలా గీకాలో చూపించింది. భుజంతో గుర్రాన్ని కొంచెం నెట్టి, కాలి వెనక నరం మీద రెండు వేళ్ళు నొక్కితే అదే ఎత్తి ఇస్తుంది. బలవంతం చెయ్యకూడదు. కృతి మొదటిసారికే పట్టేసింది. గిట్టని ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా గీకుతూ, తన వచ్చీరాని తెలుగులో అడిగింది.

"ఆంటీ, అంకుల్ ఎందుకు ఆ ఫెన్స్ ఫిక్స్ చేస్తున్నారు?"

"షూలమీకి పిల్ల పుడితే ఇక్కడ పెడతారట."

కృతి చెయ్యి ఆగిపోయింది. "కానీ మేము బేబీ చెయ్యటం లేదు. డాడ్ నో చెప్పారు. బేబీ ఉంటే నేను చాలా రోజులు రైడ్ చెయ్యలేను కదా. మామ్ అంకుల్‌కి చెప్పలేదా?"

నవోమి ఆ కాలు దించి ఇంకో కాలు ఎత్తమంది. పని అయ్యాక కృతిని గుర్రం దగ్గర వదిలి ఉజ్వల దగ్గరికి వెళ్ళింది. ఉజ్వల కారుకి ఆనుకుని ఆఫీస్ మెసేజ్‌లు చూసుకుంటోంది. నవోమి అడగ్గానే ఆమె మొహం వాడిపోయింది. మంచి మనిషే. అబద్ధాలాడే రకం కాదు.

"ఎట్ల చెప్పాలె ఆంటీ? పెద్దాయన. ఆరోగ్యం మంచిగ లేదు. అంత ఖుషీగ అడిగిన్రు. మొహం మీద ఎట్ల కాదంటం? మెల్లగ తర్వాత చెప్దాంలే అనుకున్న." గొంతు తగ్గించింది. "మీకు గూడ కష్టమైతుంది గద ఆంటీ. షాలేం అన్న చెప్పిండు. మీరు అంకుల్‌తోని అనకుండ్రి. మంగళవారం అయిపోనీయండి."

ఎండ దిగిపోయింది గానీ నేలలోంచి సెగ ఇంకా పైకి లేస్తోంది. సాలలో కృతి గుర్రంతో ఏదో ఇంగ్లీషులో గుసగుసలాడుతోంది. నవోమికి ఇంకో పూట ఎవరితోనూ దేనికీ వాదించే ఓపిక లేదు.

"సరేనమ్మా" అంది.

*

ఆదివారం అమెరికన్ల ఆరాధన అయిపోయాక, మధ్యాహ్నం పూట ఆ చర్చిని తెలుగువాళ్ళు అద్దెకి తీసుకుంటారు. ఆరాధన తర్వాత వెనక హాల్లో భోజనాలు. సుందర్ రాజ్ పేపర్ ప్లేటు ముందు పెట్టుకుని, చికెన్ బిర్యానీ సంగతే మరిచిపోయి, షారోను గురించి అందరికీ చెప్పాడు. ఎడారి షరతు గురించి చెప్పాడు. తొలి ఆడపిల్ల అమ్మినవాడి గుడారానికి తిరిగి రావడంలో ఎంత మర్యాద ఉందో చెప్పాడు. పాస్టరమ్మ ప్రిస్సిల్లా దేవునికి స్తోత్రం అంకుల్ అంది. అప్పుడు పిల్లలందర్నీ తీసుకొస్తామని ఇంకొకరు అన్నారు. తప్పకుండా అంకుల్, సూపర్ అంకుల్ అంటూ బల్ల చుట్టూ అందరూ తలలూపారు.

నవోమి పెరుగుచట్నీ వడ్డిస్తూ ఆ తలల్ని చూసింది. ఈ బల్ల దగ్గరే మొన్నమొన్నటిదాకా ఈయనతో ఎంతెంత వాదనలు జరిగేవి. ఆయన ఏదన్నా అంటే నలుగురు లేచేవాళ్ళు. అది కాదండీ డాక్టరుగారూ అని కోటేశ్వరరావు గారు బల్ల గుద్దేవాడు. ఈయన ఇంకా గట్టిగా గుద్దేవాడు. ఆ వాదనలు ఇంటికొచ్చాక కూడా ఆయన నోట్లో నానుతూనే ఉండేవి. ఇవాళ అదే కోటేశ్వరరావు గారు ఆయన భుజం తట్టి, చెవిటివాడికి చెప్పినట్టుగా గొంతు పెంచి, అలాగేనండి, మంచిదండి అంటున్నాడు. స్ట్రోక్ వచ్చిన దగ్గర్నుంచి ఆయన్ని ఒక్కళ్ళూ కాదనలేదు. మనిషిని కాదనడం మానేశారంటే లెక్కలోంచి తీసేశారన్నమాట. వీళ్ళందరూ తీసేశారు. ఆమె కూడా.

అది తట్టగానే నవోమి చేతిలో గరిటె గిన్నెలో పెట్టేసింది. ఇన్నేళ్ళలో ఆయనమీద ఎంత విసుగు వచ్చినా జాలి ఎప్పుడూ పడలేదు. ఇప్పుడు జాలేసింది. ఆయన మీద జాలిపడటం తనకే అవమానంగా ఉంది. ఇంటికి వచ్చే దారిలో కారు నడుపుతూ రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ మంగళవారం గుర్తొచ్చింది. ఆయన పక్క సీట్లో కూర్చుని, దొడ్డికి నీడ కోసం పైన గుడ్డ కట్టాలని చెబుతున్నాడు.

*

మంగళవారం ట్రైలర్ వచ్చింది. డ్రైవరు ఇంజను ఆపకుండా ఏసీలోనే కూర్చున్నాడు. ఉజ్వల ఆఫీసుకి సెలవు పెట్టింది. కృతి స్కూలు మానేసింది. సుందర్ రాజ్ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని షూలమీ పగ్గం పట్టుకుని నిలబడ్డాడు. నవోమి పొద్దున్నే దాని జూలు దువ్వి, కళ్ళు తుడిచి, కాళ్ళకి పట్టీలు చుట్టింది. చుట్టేటప్పుడు ఇది ఆఖరిసారి అనుకుని ఆనందపడదామనుకుంది. ఆనందం రాలేదు, ఏడుపూ రాలేదు. నడుం నొప్పి మాత్రం వచ్చింది.

పగ్గం ఇచ్చేముందు ఆచారం ప్రకారం సాక్షి ముందు చేతిలో చెయ్యి వెయ్యాలన్నాడు ఆయన. "సాక్షి నవోమి. ఆవిడ అబద్ధం ఆడదు" అని, గుర్రం వీపు మీదుగా చెయ్యి చాచాడు. ఉజ్వల అవతలనించి తన చెయ్యి కలిపింది. ఆయన షరతు మొదట్నించీ చెప్పాడు. గుర్రం నీది, దాని మొదటి ఆడపిల్ల నాది. ఉజ్వల నవోమి వైపు ఒకసారి చూసి, సరే అంకుల్ అంది. ఆయన తల తిప్పాడు.

"విన్నావుగా?"

విన్నానండి అంటే అయిపోతుంది. ఒక్క మాట. ట్రైలర్ తలుపు తీసే ఉంది. నవోమి ఆయన చేతిని చూసింది. పట్టుకున్న చేతిని ఆయన నమ్మకంగా, చిన్నపిల్లాడిలాగా పట్టుకున్నాడు.

"వినలేదండి" అంది.

ఆయనకి అర్థం కాలేదు.

"ఉజ్వలా, నాతో అన్న మాట ఆయనతో అనమ్మా. ఏం కాదు. పడిపోడు."

ఉజ్వల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి వెనక్కి తీసుకోలేక అలాగే ఉంచి చెప్పింది. "లేదంకుల్. మేం దాన్ని ఈననియ్యం. రైడింగ్ కోసమే తీసుకుంటున్నం. మొదటిరోజే చెప్పాల్సింది. నాకు నోరు రాలే."

ఆయన కృతి వైపు చూశాడు. కృతి మొహం ఎర్రబడింది గానీ కళ్ళు దించలేదు. "సారీ అంకుల్. ప్రామిస్ చేసి తర్వాత నో అంటే చీటింగ్ కదా. మామ్‌కి చెప్పాను నేను."

ఆయన చెయ్యి తీసుకున్నాడు. షూలమీ మెడకి నుదురు ఆనించి కాసేపు నిలబడ్డాడు. నవోమికి అంతా తేలిపోయింది. ఇప్పుడు గుర్రాన్ని సాలలోకి తిప్పుతాడు. ట్రైలర్ ఉత్తదే వెళ్ళిపోతుంది. రేపు పొద్దున్నే మళ్ళీ బండి, మళ్ళీ పార, మళ్ళీ లద్దె. ఎవరూ చెయ్యలేదు, తన నోటితో తనే చేసుకుంది. కూర్చోవాలనిపించింది. ఎక్కడో ఒకచోట, నేలమీదైనా.

ఆయన తలెత్తి, పగ్గం కృతి చేతిలో పెట్టాడు.

"తీసుకెళ్ళమ్మా. షరతు లేదు."

"అంకుల్" అంది ఉజ్వల.

"మొదటిరోజే కాదని ఉంటే మొదటిరోజే ఇచ్చేవాణ్ణి. వంశం చూసి పిడికిలి పెట్టి గుర్రాన్ని ఎంచగలను గానీ, మనుషులు ఈమధ్య నాకు అందడం లేదు. అందరూ అవుననే అంటున్నారు." కృతి వైపు తిరిగాడు. "కాదని చెప్పేవాళ్ళనైతే నమ్మొచ్చు. రేపు దీనికి కాలు బెణికినా, మేత ముట్టకపోయినా నాకు నిజమే చెబుతావు. ఫోన్ చేస్తూ ఉండు."

షూలమీ ఒక్కసారి వెనక్కి చూసి, కృతి వెంట బుద్ధిగా ట్రైలర్ ఎక్కింది. తలుపు మూశారు. ఉజ్వల నవోమిని పట్టుకుని కాసేపు వదల్లేదు. ట్రైలర్ గేటు దాటి, రోడ్డు మలుపు తిరిగేదాకా లోపల్నుంచి గిట్టల చప్పుడు వినబడుతూనే ఉంది.

ఇద్దరూ సాల నీడలోకి వచ్చారు. ఆయన గడ్డిమోపు మీద కూర్చున్నాడు. సాల అంత ఖాళీగా నవోమి ఎప్పుడూ చూడలేదు.

"నీకెప్పుడు తెలుసు?" అన్నాడు ఆయన.

"మొదటిరోజే."

"మరి ఇన్నాళ్ళూ?"

"చెబితే మీరు గుర్రాన్ని పంపరని."

"పంపకపోతే ఏమైంది?"

ఏం లేదండి అనడం ఆమెకి అలవాటు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. "నేను చెయ్యలేనండి. నా వల్ల కావడం లేదు. అలిసిపోయాను."

అరిచి చెప్పలేదు, ఏడ్చి చెప్పలేదు. బజారు నుంచి పాలు తేవాలన్నట్టుగా చెప్పింది. ఆయన మాత్రం దెబ్బ తగిలినవాడిలా చూశాడు. జీవితమంతా ఆపరేషన్ బల్ల తలవైపు కూర్చుని, మత్తులో ఉన్న మనిషికి నొప్పి తెలుస్తోందో లేదో ఊపిరిని బట్టి పట్టుకున్న డాక్టరు ఆయన.

"ఎప్పట్నించి?"

ఈమధ్యనే అంటే సరిపోయేది. "మీరు రిటైర్ అవకముందు నుంచి" అంది నవోమి.

ఆయన మోపుమీద పక్కకి జరిగి చోటిచ్చాడు. "ఇంకా ఏమేం చెప్పలేదు నాకు? అన్నీ చెప్పు" అన్నాడు. కోపం లేదు. ఆపరేషన్‌కి ముందు పేషంట్లని అడిగే గొంతు అది, ఏదీ దాచొద్దని.

నవోమి కూర్చుంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. ముందు మోకాలి సంగతి చెప్పింది. ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పి ఏడాది దాటిపోయిందని చెప్పింది.

"ఏ మోకాలు?" అన్నాడు ఆయన.

అడిగాక ఆయనకే వినబడింది తను ఏమడిగాడో. తల దించుకున్నాడు. నవోమి ప్యాంటు పైకి మడిచి కుడికాలు ఆయన ముందుకి చాపింది. ఆయన కర్ర పక్కన పెట్టి, వంగి, రెండు చేతులతో మోకాలి చుట్టూ మెల్లగా తడిమాడు. ఒకచోట నొక్కేసరికి ఆమె అబ్బా అంది.

"ఇక్కడా?"

"అక్కడే."